సర్వర్ మూయండి, మా మాటలు మాకిచ్చి మూయండి

మా ఆన్‌లైన్ యుద్ధపు ఆట నడుపుతున్న సంస్థ యాజమాన్యానికి, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ అధికారులకు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు తిరుపతి నుంచి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఈ నెలాఖరుతో మా ఆట నడిచే సర్వర్ మూతపడుతోంది. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల వాళ్లూ, ఇక్కడి నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు, చెన్నై, కువైట్ వెళ్లినవాళ్లూ కలిసి పదిహేనేళ్లకు పైగా నిలుపుకొచ్చిన మా గిల్డ్, అంటే ఆటలో కోటలు పట్టి కాపాడుకుంటూ ఒక జట్టుగా ఆడే మా సంఘం కూడా దానితోనే ముగుస్తుంది. ఆ గిల్డ్‌కు చాలాకాలంగా లీడర్‌గా ఉన్న నేను సభ్యులందరి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మూసివేత ప్రకటన వెలువడిన నాటి నుంచి సంస్థ సహాయ కేంద్రానికి పలుమార్లు టికెట్లు పెట్టాం. పైన పేరు ఒక్కటి మార్చి ప్రతిసారీ అదే జవాబు పంపారు; మేమడిగిన ఒక్క ప్రశ్న ప్రస్తావన కూడా అందులో లేదు. సభ్యులందరూ కలిసి రాసిన వినతిని ఆట లోపలి నోటీసు బోర్డులో పెడితే మర్నాటికల్లా తీసేశారు. సంస్థ పేరును నేనిక్కడ రాయడం లేదు. ఈ లేఖ ప్రతి అందుకున్నవారికి అది తమ గురించేనని తెలుసు. తక్కిన పాఠకులకు తెలియవలసింది, ఈ ఇబ్బంది ఒక్క సంస్థతో పుట్టిందీ కాదు, ఒక్క సంస్థతో పోయేదీ కాదు అన్న సంగతే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆటను మూయవద్దని మేము కోరడం లేదు. సర్వర్ నడవాలంటే యంత్రాలు, కరెంటు, మనుషులు, ఎప్పటికప్పుడు భద్రతా మరమ్మతులు కావాలి. 2016లో జియో వచ్చాక కుర్రకారు కంప్యూటరు ముందు నుంచి లేచి ఫోను పట్టుకున్నారు. కొత్తగా చేరేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోవడం మేమూ చూస్తూనే ఉన్నాం. పాతవాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆదివారం పూట కూడా కోట ముట్టడికి సరిపడా మనుషులు దొరకని రోజులు వచ్చాయి. నష్టమొస్తున్న వ్యాపారాన్ని ఆపుకునే హక్కు మీకుంది. అయితే అద్దె ఇంటి యజమాని సైతం ఖాళీ చేయమన్నప్పుడు సామాను తీసుకెళ్లడానికి గడువిస్తాడు. రాత్రికి రాత్రి తాళం వేసి, లోపలున్నదంతా నాదేననడు. ఆపాటి మర్యాద కోసమే ఈ లేఖ.

రెండో విషయం, ఇది పందెం ఆట కాదు. ఆన్‌లైన్ గేమ్ అనగానే మన జిల్లాల్లో చాలామంది తల్లిదండ్రులకు రమ్మీ, బెట్టింగ్ యాప్‌లే గుర్తుకొస్తాయి, అలా గుర్తుకు రావడానికి కారణాలూ ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించి, అదే సమయంలో ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని సామాజిక ఆటలనూ వేరు చేసి, వాటిని ప్రోత్సహిస్తామని చెప్పింది. చందా కట్టి ఆడడమే తప్ప గెలిచినందుకు రూపాయి చేతికి రాని మా ఆట ఈ రెండో కోవలోది. ప్రోత్సహించదగిన కోవలో ఉన్నవాళ్లం కాబట్టే మా గోడు వినమని అధికారులను అడగగలుగుతున్నాం.

మీ లెక్కల్లో మేము నెలనెలా తగ్గిపోతున్న ఒక అంకె మాత్రమే కావచ్చు. ఆ అంకె వెనుక ఏముందో కొంత చెప్పాలి. మాలో తొలితరం వాళ్లు భవానీనగర్, బాలాజీ కాలనీ నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడినవాళ్లు. తర్వాత కొందరి ఇళ్లకు బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆ రోజుల్లో కొన్ని ప్లాన్లకు రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల దాకా వాడకానికి లెక్క ఉండేది కాదు. మా పెద్ద యుద్ధాలన్నీ అందుకే ఆ వేళకు పెట్టుకునేవాళ్లం. అలారం పెట్టుకుని లేచి, ఇంట్లో లైటు వేయకుండా, హెడ్‌సెట్‌లో గుసగుసగా ఆజ్ఞలిచ్చుకుంటూ ఆడుతుంటే, ఎవరి మైకులోంచో గుడి సుప్రభాతం సన్నగా వినిపించేది. కువైట్‌లో ఉన్న మదనపల్లె మిత్రుడు ఆ వేళ డ్యూటీ దిగి గదికి చేరి లాగిన్ అయ్యేవాడు. సుప్రభాతం వినడానికే మైకు ఆపవద్దనేవాడు. "యాడుండావు నా, గేటు కాడ నిలబడుకో, వస్తాండా" అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన మా మాటలు వేల పేజీలుగా మీ సర్వర్లలో ఉన్నాయి. వాటిలో సగం యుద్ధం గురించే కాదు. ఎవరికి ఏ గ్రూపు రక్తం కావాలో, పలమనేరులో ఏ కాలేజీలో సీటు దొరుకుతుందో, వీసాకు ఏ కాగితాలు అడుగుతున్నారో అందులో ఉంటాయి.

2021 నవంబరులో వానలకు తిరుపతి వీధులు నీట మునిగాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఫోన్లు కలవని ఆ రెండు మూడు రోజులు గల్ఫ్‌లో ఉన్న సభ్యులు తమ అమ్మానాన్నల క్షేమం తెలుసుకున్నది గిల్డ్ చాట్ ద్వారానే. ఎవరింట్లో కరెంటు, నెట్ ఉంటే వాళ్లు పక్క వీధికి నడిచి వెళ్లి చూసి వచ్చి, చూసినది చాట్‌లో రాసేవాళ్లు. ఆట పరంగా చూస్తే ఆ వారం మా కోటను శత్రువులు పట్టేసుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మూసివేత తీరు వల్ల మామూలు మనుషులకు కలిగే నష్టాలు ఇవి.

1. మా మాటలు పోతున్నాయి. ప్రకటన ప్రకారం ఆఖరి రోజు తర్వాత చాట్లు, గిల్డ్ పేజీలు, వాయిస్ నోట్లు అన్నీ శాశ్వతంగా చెరిపేస్తారు. వాటిని దించుకునే బటన్ ఆటలో ఎక్కడా లేదు. చాట్ కిటికీలో కాపీ చేసే వీలు లేదు. పైకి జరిపితే కొన్ని పంక్తుల చొప్పున మాత్రమే పాతవి తెరుచుకుంటాయి, కాసేపటికి కిటికీ బిగుసుకుపోతుంది. మావాళ్లు రాత్రిళ్లు కూర్చుని స్క్రీన్‌షాట్లు తీస్తున్నారు. ఈ లెక్కన తీస్తే గడువులోగా రెండేళ్ల మాటలు కూడా దక్కవు.

ఇందులో ఒక కుటుంబం సంగతి విడిగా చెప్పాలి. మా గిల్డ్‌లో అందరికంటే పెద్దవాడు, అందరూ అన్నా అని పిలిచే సభ్యుడు కరోనా రెండో దశలో చనిపోయాడు. ఆయన కోటను మేము కూల్చనివ్వలేదు. వంతులేసుకుని కాపలా కాశాం. మూసివేత వార్త తెలిసి ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "వాళ్ల నాయన రాసినవీ, మాట్లాడినవీ ఏమన్నా ఉంటే ఇప్పించు నాయనా, పిల్లోడికి గొంతు కూడా గుర్తు లేదు" అంది. సంస్థకు రాశాం. ఖాతాదారు స్వయంగా లాగిన్ అయి కోరాలని జవాబు వచ్చింది. లాగిన్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లే సిమ్ ఆయన పోయిన కొన్నాళ్లకే రద్దయింది. చనిపోయాడని మేము రాసిన మాటకు జవాబులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఉంది. ఇంతకుమించి ఆ జవాబు గురించి నేను రాయను.

యూరోపియన్ యూనియన్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణం ప్రకారం, తాము ఒక సేవకు ఇచ్చిన సమాచారాన్ని యంత్రం చదవగలిగే రూపంలో తిరిగి తీసుకునే హక్కు అక్కడి పౌరులకు ఉంది. మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లుకు 2018, 2019లలో రాసిన ముసాయిదాల్లో ఇలాంటి హక్కు ఉండేది. 2023లో చట్టమయ్యే నాటికి అది జారిపోయింది. ఖాతాదారు మరణిస్తే ఆయన హక్కులను వాడుకోవడానికి నామినీని పెట్టుకునే వీలు ఆ చట్టం 14వ సెక్షన్‌లో ఉంది, మంచిదే. కానీ చట్టం రాకముందే పోయిన మనిషి నామినీని ఎలా రాసిపెడతాడు? నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, హక్కుల సెక్షన్లు అమల్లోకి రావడానికి ఆ పైన 18 నెలల వ్యవధి పెట్టారు. దేశంలో 50 లక్షల మంది ఖాతాదారులున్న గేమింగ్ సంస్థలు, మూడేళ్లు వాడకంలో లేని ఖాతాల సమాచారాన్ని చెరపాలనీ, చెరిపే ముందు 48 గంటల ముందస్తు కబురు పంపాలనీ ఆ నియమాల్లో రాశారు. చెరపడం గురించి ఇంత వివరంగా ఆలోచించినవారు, చెరిపే ముందు ఒక ప్రతి చేతికివ్వడం గురించి ఒక్క వాక్యం రాయలేకపోయారు.

2. డబ్బు పోతోంది. ప్రకటనకు కొద్దిరోజుల ముందు దాకా సంక్రాంతి ఆఫర్ పేరుతో ఏడాది సభ్యత్వాలు అమ్మారు. తెర మీద ఎర్ర అంకెల గడియారం పెట్టి, ఇంకా ఇన్ని గంటలే ఉందని తొందరపెట్టారు. సర్వర్ మూయాలన్న నిర్ణయం అప్పటికే జరిగిందో లేదో మీకే తెలియాలి. పుత్తూరులో మరమగ్గాల మీద పనిచేసే సభ్యుడొకరు వారం కూలిలోంచి ఆ సభ్యత్వం కొన్నారు. ఇప్పుడు వాడని వజ్రాలకు (ఆటలో వాడుకోవడానికి డబ్బిచ్చి కొన్నవి) గానీ, మిగిలిన నెలలకు గానీ డబ్బు తిరిగి ఇవ్వబోమనీ, వాటిని మీ మరో ఆటలో వాడుకోవచ్చనీ అంటున్నారు. ఆ మరో ఆట ఆయన ఫోనులో తెరుచుకోదు.

కొన్న ప్రతిసారీ బిల్లులో 18 శాతం జీఎస్టీ పడింది. అంటే ప్రభుత్వం దృష్టిలో అది అమ్ముడైన సేవ. అమ్మేటప్పుడు సేవ అయినది ఆపేటప్పుడు మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల ఉత్త అనుమతి ఎలా అవుతుంది? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడలను గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందరను సృష్టించి కొనిపించడం వాటిలో ఒకటి. ఎర్ర అంకెల గడియారం దాని కిందికి వస్తుందో రాదో అధికారులే తేల్చాలి.

3. నోటీసు చేరాల్సినవాళ్లకు చేరలేదు. అది ఆట లోపలి వార్తల పేజీలో, ఇంగ్లీషులో మాత్రమే, ముప్పై రోజుల గడువుతో వచ్చింది. రోజూ లాగిన్ అయ్యేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మాలో ఏడాదికొకసారి, సెలవుకు ఊరొచ్చినప్పుడో, తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడో లాగిన్ అయ్యి పలకరించి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఈసారి వచ్చేసరికి తలుపే ఉండదు. ఆఫర్లు పంపడానికి మా ఈమెయిళ్లన్నీ మీ దగ్గర ఉన్నాయి, ఈ కబురు పంపడానికి మాత్రం అవి పనికి రాలేదు.

4. మోసగాళ్లు దిగారు. ప్రకటన వచ్చిన వారానికే మా సభ్యులకు సంస్థ పేరుతో సందేశాలు మొదలయ్యాయి. మీ ఐడీని కొత్త సర్వర్‌కు మారుస్తాం, వజ్రాలకు నగదు ఇస్తాం, ఓటీపీ చెప్పండి, ఈ లింకు నొక్కండి అంటున్నారు. శ్రీకాళహస్తిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోనులో ఆ లింకు నొక్కింది. ఖాతాలోంచి డబ్బు పోయింది. మూసివేత సమయంలో సంస్థ నోరు విప్పకపోతే ఆ ఖాళీని దొంగలు నింపుతారని ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. సంస్థ ఏ పద్ధతిలో మాట్లాడుతుందో, ఏది అడగదో మొదటి రోజే తెలుగులో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల ఇంట్లో ఈ గొడవ ఉండేది కాదు. ఇది చదువుతున్న ఆటగాళ్లకు నా మనవి: డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని పిల్లలు దాచిపెడితే ఆ కాస్త అవకాశమూ పోతుంది, కాబట్టి పెద్దలు ముందు ఫోన్ చేసి, తిట్లేవైనా ఉంటే తర్వాత తిట్టండి.

5. తెలుగు చాట్ గదులను ఇన్నేళ్లు కాపు కాసిన మోడరేటర్లకు కృతజ్ఞతగా ఒక్క కాగితం లేదు. బూతులు తుడిచారు, పిల్లల వెంటపడే పెద్దవాళ్లను గుర్తించి మీకు అప్పగించారు, తెలుగు రాని మీ సిబ్బందికి ఫిర్యాదులు అనువదించి పెట్టారు. జీతం వాళ్లు అడగలేదు. ఇప్పుడు ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకుంటున్న కుర్రవాళ్లు, చేసిన పనికి ధ్రువపత్రం అడిగితే దానికీ జవాబు లేదు.

6. ఆట మొత్తంగా మాయమవుతోంది. ఒంటరిగానైనా, సొంత కంప్యూటరులోనైనా ఆడుకునే దారి ఉంచలేదు. ఇది సాధ్యం కాదని చెప్పవద్దు, ఎందుకంటే వేరేవాళ్లు చేసి చూపించారు. నాకౌట్ సిటీ అనే ఆట సర్వర్లను 2023 జూన్‌లో ఆపినప్పుడు, ఎవరికి వారు సర్వర్ పెట్టుకుని ఆడుకునే కూర్పును తయారుచేసినవారే ఉచితంగా ఇచ్చారు. 2012 నవంబరులో మూతపడిన సిటీ ఆఫ్ హీరోస్‌ను అభిమానులు తమ సొంత సర్వర్ల మీద బతికించుకుంటే, 2024 జనవరిలో దాని హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్ వాళ్లలో ఒక బృందానికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ, 2020లో పబ్‌జీ మొబైల్ నిషేధమయ్యాక 2021లో దాని భారతీయ కూర్పు బీజీఎంఐ వచ్చినప్పుడు, పాత ఖాతాల్లోని సామగ్రిని కొత్తదాంట్లోకి మార్చుకునే వీలు కొన్నాళ్లపాటు ఇచ్చారు. ప్రభుత్వ నిషేధం మధ్యలో అడ్డుపడ్డ చోటే అది కుదిరితే, మీ ఇష్టప్రకారం మూస్తున్న చోట ఎందుకు కుదరదు?

దీనికి విరుద్ధమైన ఉదాహరణా ఉంది. 2014లో విడుదలైన ది క్రూ అనే కారు పందేల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. దాని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం యూరప్‌లో పెట్టిన పౌరుల వినతి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు, అది సొంతమయ్యేది కాదనీ, వాడుకునే అనుమతి మాత్రమేననీ కొనేవారికి స్పష్టంగా చెప్పాలన్న చట్టం కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అక్కడి కొనుగోలుదారు అడగగలిగినది తిరుచానూరు కొనుగోలుదారు అడగకూడదా?

కాబట్టి సంస్థను మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి, ప్రతి ఖాతాదారుకూ తన చాట్లు, వాయిస్ నోట్లు, గిల్డ్ పేజీలు దించుకునే వీలు కల్పించాలి. అది పూర్తయ్యేదాకా, కనీసం ఆరు నెలలు, ఆట ఆగినా సమాచారాన్ని చెరపకూడదు. పక్కవారి మాటలు ఇవ్వడంలో గోప్యతకు సంబంధించిన చిక్కుందని మీరు అనవచ్చు. అందుకే ఎవరి మాటలు వారికే ఇమ్మంటున్నాం; ఉమ్మడి గిల్డ్ చాట్‌ను మాత్రం అంగీకారం తెలిపిన సభ్యులవరకు ఇవ్వండి, అంగీకారాలు సేకరించే పని మాకు వదిలేయండి.

రెండు, మరణించిన సభ్యుల విషయంలో మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసి వారసులకు ఇవ్వాలి. బ్యాంకులు ఇంతకంటే పెద్ద విషయాలను ఈ కాగితాల మీదే పరిష్కరిస్తున్నాయి.

మూడు, వాడని వజ్రాలకూ, మిగిలిన సభ్యత్వ కాలానికీ డబ్బు కట్టిన దారిలోనే తిరిగి ఇవ్వాలి.

నాలుగు, మూసివేత నోటీసును తెలుగు సహా మీరు వ్యాపారం చేసిన భారతీయ భాషలన్నింటిలో, ఈమెయిల్ ద్వారా కూడా పంపాలి. మోసపు సందేశాల గురించి హెచ్చరిక అందులోనే ఉండాలి.

ఐదు, మోడరేటర్లకు ధ్రువపత్రాలు. ఇందుకు మీకు ఒక్క పూట పని.

ఆరు, ఆట చివరి కూర్పును సొంత సర్వర్‌లో ఆడుకునేలా, లాభాపేక్ష లేని షరతుతో వదలాలి. మిగతా ఐదింటిలా ఇది వెంటనే తేలేది కాదని మాకు తెలుసు. కనీసం ఆలోచిస్తామని అనండి, కాదంటే కారణం చెప్పండి.

అధికారులను కోరేది ఒక్కటే, అయితే అది పెద్దది. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కింద సామాజిక ఆటలను నమోదు చేసే వీలు ఉంది. ఆట ఎలా మొదలుకావాలో చెప్పే నియమాల్లోనే, ఆట ఎలా ముగియాలో కూడా రాయండి. ఆరు నెలల ముందస్తు నోటీసు, నోటీసు ఇచ్చిన రోజు నుంచి అమ్మకాల నిలుపుదల, సమాచారం తిరిగి ఇవ్వడం, మిగిలిన సొమ్ము వాపసు, ఈ నాలుగూ లేని సంస్థకు నమోదు ఇవ్వకండి. వినియోగదారుల శాఖ మరో చిక్కును గమనించాలి. ఏకపక్షంగా రాసుకున్న అన్యాయపు ఒప్పందాల మీద ఫిర్యాదును వినే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు. రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అయిదొందల రూపాయల సభ్యత్వం కోసం రాష్ట్ర కమిషన్ దాకా వెళ్లే మరమగ్గం కార్మికుడు ఉంటాడా? ఆ ధైర్యంతోనే సంస్థలు అలాంటి షరతులు రాసుకుంటున్నాయి.

సేవాలోపం మీద మాత్రం జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు, ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, ఒకే రకమైన నష్టం ఉన్నవాళ్లు కలిసి వేయవచ్చు. ఈ-కామర్స్ నియమాల ప్రకారం మా ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ నెల దాటితే సభ్యులమంతా కలిసి తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. ఇది బెదిరింపు కాదు, చట్టం చూపిన దారి. ఆ దారిన వెళ్లే అవసరం రాకుండా చూడమనే కోరుతున్నాం.

గిల్డ్ మిత్రులకు నాలుగు మాటలు. ఇంకో ఆటకు అందరం కలిసి మారిపోదామని కొందరంటున్నారు. వెళ్లేవాళ్లు వెళ్లండి, నేను రాను. లీడర్ బాధ్యత నాకు ఈ ఆటతోనే ముగిసింది. నాకంటే బాగా నడిపించగలవాళ్లు మీలో ఉన్నారు, ముఖ్యంగా యుద్ధం మధ్యలో ఎవరి మీదా అరవకుండా పని చేయించిన చంద్రగిరి అక్క ఉంది. ఫోన్ నంబర్లు, ఊళ్లు రాసిన జాబితా తయారవుతోంది. ఇష్టమున్నవాళ్లే వివరాలు ఇవ్వండి, ఆ జాబితాను గిల్డ్ బయట ఎవరికీ పంపకండి. బాకీలుంటే తేల్చుకోండి. ఎప్పుడో జరిగిన రెండు గిల్డ్‌ల చీలిక గొడవను ఈ ఆఖరి వారంలో తవ్వవద్దని మాత్రం చేతులెత్తి అడుగుతున్నాను. అటువైపు వాళ్లు కూడా ఈ వినతి మీద పేర్లు పెట్టారు. పెద్దన్న కోట కాపలా ఆఖరి రోజు వంతు వాళ్లు అడిగారు, ఇచ్చాను.

సంస్థకు చివరిగా ఒక చిన్న ప్రశ్న, దీనికైనా ఈరోజే జవాబివ్వండి. సర్వర్ ఆఖరి రోజు 23:59కి, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానం ప్రకారం ఆగుతుందని మీ నోటీసులో ఉంది. అది మనకు మర్నాడు ఉదయం 5:29, కువైట్ వాళ్లకు తెల్లవారుజామున 2:59. మావాళ్లలో సగం మంది రాత్రి 12కే అంతా అయిపోతుందనుకుని సెలవులు పెట్టుకుంటున్నారు. భారత కాలమానంలో సరైన వేళ ప్రకటించండి, ఆ రాత్రి మరమ్మతుల పేరుతో ముందుగా ఆపబోమని కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
గిల్డ్ సభ్యుల తరఫున,
గిల్డ్ లీడర్, తిరుపతి.